సిపాయికి ఒక చట్టం, జనరల్‌కు ఒక చట్టమా?
జహీరాబాద్ ప్రాంత మాజీ సైనికుల ఖండన ప్రకటన

జహీరాబాద్, సంగారెడ్డి జిల్లా

సైన్యంలో పెద్ద హోదాల్లో ఉన్న కొందరు తమ సంతకాన్ని అమ్ముకుంటున్న తీరును, అలాంటివాళ్లు దొరికినప్పుడల్లా ‘ఫౌజు పరువు’ పేరు చెప్పి విషయాన్ని నాలుగు గోడల మధ్యే ముగించాలని చూస్తున్న తీరును జహీరాబాద్, కోహీర్, ఝరాసంగం, న్యాల్‌కల్, మొగుడంపల్లి మండలాల మాజీ సైనికులం ఖండిస్తున్నాం. మొదటిదాని కంటే రెండోదాన్ని ఇంకా గట్టిగా ఖండిస్తున్నాం.

2025 డిసెంబర్‌లో రక్షణ ఉత్పత్తుల శాఖలో పనిచేస్తున్న ఒక లెఫ్టినెంట్ కల్నల్‌ను సీబీఐ అరెస్టు చేసింది. మూడు లక్షల లంచం ఆరోపణతో మొదలైన సోదాల్లో ఆయన ఇంట్లో రెండు కోట్ల రూపాయలకు పైగా నగదు దొరికిందని సీబీఐ చెప్పింది. కేసు కోర్టులో తేలాలి. తీర్పు రాకముందే ఆయనను దోషి అనడం మా పని కాదు. కానీ ఆ వార్త వచ్చిన రోజు మా ఊళ్లలో హోటళ్ల దగ్గర కూర్చున్నవాళ్లు మా ముఖం చూసి నవ్విన నవ్వు మాకు తగిలింది. ‘మీ మిలట్రీలో కూడా ఇంతేనా?’ అని అడిగితే ఏం చెప్పాలి? ఇరవై ఏళ్లు యూనిఫాం వేసుకున్న మనిషికి ఊళ్లో మిగిలే ఆస్తి ఇజ్జత్ ఒక్కటే. దాన్ని ఢిల్లీలో ఎవరో ఖర్చు పెట్టేస్తున్నారు.

మాలో ఎక్కువమంది సిపాయిలుగా భర్తీ అయి నాయక్, హవల్దార్ దాకా వచ్చి దిగినవాళ్లం. కొందరు సుబేదార్లూ ఉన్నారు. అధికారులంటే మాకు పగ లేదు. సూర్యాపేట కల్నల్ సంతోష్‌బాబు 2020 జూన్ 15 రాత్రి గల్వాన్‌లో తన 16 బిహార్ పటాలం ముందు నిలబడి ప్రాణమిచ్చాడు. హైదరాబాద్ మేజర్ పద్మపాణి ఆచార్య 1999 జూన్‌లో కార్గిల్ కొండ మీద రాజ్‌పుతానా రైఫిల్స్‌ను నడిపిస్తూ నేలకొరిగాడు. ఇద్దరికీ మహావీర చక్ర వచ్చింది. ఇలాంటి అధికారుల వెనుక నడవడం మా జీవితంలో గర్వం. 2014 ఫిబ్రవరిలో సింధురత్న జలాంతర్గామిలో మంటలు చెలరేగి ఇద్దరు అధికారులు చనిపోతే, నేవీ చీఫ్ అడ్మిరల్ డి.కె. జోషి నైతిక బాధ్యత వహించి అదే రోజు రాజీనామా ఇచ్చేశారు. ఆయన మీద పైసా ఆరోపణ లేదు. పెద్ద హోదా అంటే ఇదీ అని చూపించడానికి మాకు ఆయన పేరు చాలు. అందుకే, అదే భుజకీర్తులు పెట్టుకుని వ్యాపారం చేసేవాళ్లను చూస్తే మాకు బయటివాళ్ల కంటే ఎక్కువ మండుతుంది.

ఫౌజులో పనిచేయనివాళ్లకు ఒక సంగతి తెలియదు. ఆర్మీ యాక్ట్ 1950 కింద నాలుగు రకాల కోర్టు మార్షల్స్ ఉన్నాయి. అందులో సమ్మరీ కోర్టు మార్షల్‌ను కమాండింగ్ ఆఫీసర్ (సీఓ) ఒక్కడే నడుపుతాడు. ఫిర్యాదు పైకి తెచ్చేదీ ఆయన యూనిటే, జడ్జీ ఆయనే. నిందితుడి తరఫున వాదించే వకీలు ఉండడు, ‘ఫ్రెండ్ ఆఫ్ ది అక్యూజ్డ్’ అని పక్కన ఒకరు కూర్చుంటారు. లెఫ్టినెంట్ కల్నల్, అంతకు పై హోదా సీఓ అయితే ఏడాది దాకా జైలు వేయవచ్చు, నౌకరీ తీసేయవచ్చు. పైవాళ్ల ఆమోదం కోసం ఆగనక్కర లేదు, శిక్ష అప్పుడే అమలవుతుంది. ఈ కోర్టు ముందుకు రానివాళ్లు ఎవరో కూడా చట్టంలోనే రాసి ఉంది: అధికారులు, జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లు (జేసీఓలు), వారంట్ ఆఫీసర్లు. అంటే ఈ వేగం సిపాయికి, నాయక్‌కు, హవల్దార్‌కు మాత్రమే. స్టోర్‌లో ఒక జెర్రీకేన్ డీజిల్ లెక్క తప్పినా, ఆయుధాల గది కోత్‌లో ఒక మ్యాగజైన్ కనపడకపోయినా పొద్దున పేషీ, నాలుగు రోజుల్లో ఫైసలా. పదిహేనేళ్ల సర్వీసు నిండకముందు డిస్మిస్ అయినవాడికి పింఛను రాదు. నిండిన తర్వాత డిస్మిస్ అయితే ఆ పింఛనూ పైవాళ్ల దయ మీదే ఆధారపడుతుంది. అలా ఇంటికొచ్చిన వాళ్లు ప్రతి మండలంలో ఉంటారు. చాలామంది నిజంగా తప్పు చేసినవాళ్లే. వాళ్ల తరఫున మేం వకాల్తా పుచ్చుకోవడం లేదు.

అదే లెఫ్టినెంట్ జనరల్ సంగతికొస్తే? ముందు కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ, తర్వాత సాక్ష్యాల నమోదు, తర్వాత జనరల్ కోర్టు మార్షల్. ఆ కోర్టులో కూర్చునే సభ్యులు నిందితుడి కంటే తక్కువ హోదావాళ్లు కాకూడదని ఆర్మీ రూల్స్ చెబుతాయి, దొరక్కపోతే తప్ప. దేశం మొత్తంలో ఆ హోదావాళ్లు ఎంతమంది? అకాడమీలో ఒకే బ్యాచ్, ఒకే మెస్, ఒకే గోల్ఫ్ మైదానం. ఆ తర్వాత శిక్షకు పైఅధికారి ఆమోదం, ఆ తర్వాత సాయుధ దళాల ట్రిబ్యునల్, ఆ పైన సుప్రీంకోర్టు. ఈ దశలన్నీ న్యాయం కోసమే పెట్టారని మాకు తెలుసు. ఆ జాగ్రత్తలో పావు వంతు సిపాయికి ఎందుకు లేదన్నదే మా ప్రశ్న. ఇంకొకటి, నేరం జరిగిన మూడేళ్లలోపు, లేదా అది పైవాళ్లకు తెలిసిన మూడేళ్లలోపు కోర్టు మార్షల్ మొదలుపెట్టాలి. రిటైరైన వాడి మీదైతే రిటైరైన మూడేళ్లలోపు. ఫైలు ఒక బల్ల మీద నిద్రపోతే చాలు, గడువు తనంతట తనే దాటిపోతుంది.

సుక్నా వ్యవహారం గుర్తు చేసుకుందాం. డార్జిలింగ్ జిల్లాలో 33 కోర్ కేంద్రం పక్కనే సుమారు 70 ఎకరాల భూమి. అజ్మీర్ మేయో కాలేజీ పేరు చెప్పుకున్న ఒక ప్రైవేటు ట్రస్టుకు అక్కడ కట్టడానికి సైన్యం నిరభ్యంతర పత్రం ఇచ్చింది. ఆ పత్రం వెనుక సైనిక ప్రధాన కార్యాలయంలో మిలిటరీ సెక్రటరీగా ఉన్న లెఫ్టినెంట్ జనరల్ అవధేశ్ ప్రకాశ్ ఒత్తిడి ఉందన్నది ఆరోపణ. మిలిటరీ సెక్రటరీ అంటే ఎవరు? అధికారుల బదిలీలు, ప్రమోషన్లు నడిపే మనిషి. ఆయన ఫోన్ చేస్తే కాదనే ధైర్యం ఎంతమందికి ఉంటుందో చదివేవాళ్లే ఊహించుకోవచ్చు. తూర్పు కమాండ్ అధిపతిగా ఉన్న వి.కె. సింగ్ విచారణ జరిపించి చర్యలు అడిగారు. సైన్యాధ్యక్షుడి కార్యాలయం మాత్రం ప్రకాశ్ మీద పాలనాపరమైన చర్యతో సరిపెట్టాలనుకుంది. 2010 జనవరిలో రక్షణమంత్రి ఎ.కె. ఆంటోనీ కలగజేసుకుంటే గానీ క్రమశిక్షణ చర్య మాట రాలేదు. ఆ నెలాఖరుకే ప్రకాశ్ పదవీ విరమణ. అంత పెద్ద సంస్థలో తప్పును తప్పు అనడానికి బయటి నుంచి ఒక మంత్రి రావాల్సి వచ్చింది. మాకు బాధ కలిగించేది ఇదే.

అదే కేసులో 33 కోర్ కమాండర్‌గా ఉన్న లెఫ్టినెంట్ జనరల్ పి.కె. రథ్‌కు 2011 జనవరిలో కోర్టు మార్షల్ శిక్ష వేసింది. 2014లో సాయుధ దళాల ట్రిబ్యునల్ ఆ తీర్పును కొట్టేసి ఆయనను నిర్దోషిగా తేల్చింది. ఈ మాట కూడా రాయకపోతే మా ప్రకటన అన్యాయం అవుతుంది. చిన్నవాడి విషయంలో తొందర, పెద్దవాడి విషయంలో ముందు నాన్చుడు, తర్వాత పత్రికల ఒత్తిడికి హడావుడి. ఇలా నడిచే వ్యవస్థలో దోషి తప్పించుకోవడం ఎంత సులువో, నిర్దోషి నలిగిపోవడం అంతే సులువు.

ఇందుకు ఇంకా చేదైన ఉదాహరణ తెహెల్కా. 2001లో ఆ వార్తా సంస్థ రహస్యంగా తీసిన టేపులు బయటికొచ్చినప్పుడు మనవాళ్లకు తగిలిన దెబ్బ చిన్నది కాదు. హైదరాబాద్‌కు చెందిన బంగారు లక్ష్మణ్ అప్పుడు బీజేపీ జాతీయ అధ్యక్షుడు. లేని కంపెనీ, లేని పరికరం కోసం లక్ష రూపాయలు తీసుకుంటూ కెమెరాకు చిక్కాడు. 2012 ఏప్రిల్‌లో సీబీఐ ప్రత్యేక కోర్టు నాలుగేళ్ల జైలు వేసింది. ఆ టేపుల కథనంలోనే మేజర్ జనరల్ ఎం.ఎస్. అహ్లువాలియా లంచం అడిగాడని కూడా రాశారు. అది నిజం కాదని, ఆయన పరువు తీశారని ఢిల్లీ హైకోర్టు తేల్చి రెండు కోట్ల పరిహారం ఇమ్మన్నది 2023 జూలైలో. ఇరవై రెండేళ్లు! ఆ లోపు ఆయన కెరీర్ ముగిసిపోయింది. కార్గిల్ శవపేటికల కేసులోనూ ముగ్గురు సైనికాధికారుల మీద 2009లో ఛార్జిషీటు వేసి, 2013 చివర్లో సాక్ష్యం లేదని కోర్టు వదిలేసింది. అప్పటికి ‘శవపేటికల్లో కూడా తిన్నారు’ అన్న మాట దేశమంతా పాకిపోయింది. ఇప్పటికీ మా ఊళ్లలో ఎన్నికల సభల్లో ఎవరో ఒకరు అంటూనే ఉంటారు.

అందుకే మేం ‘అధికారులందరూ దొంగలే’ అనే మాటను కూడా ఇదే ప్రకటనలో ఖండిస్తున్నాం. నిజాయితీపరుడైన అధికారికి రక్షణ ఎక్కడ దొరుకుతుంది? తొందరగా, బహిరంగంగా జరిగే విచారణలో. రహస్యంలో కాదు.

ముంబై కొలాబాలోని ఆదర్శ్ సొసైటీ సంగతి అందరికీ తెలిసిందే. సైనిక ప్రాంతం పక్కనే 31 అంతస్తుల భవనం. కార్గిల్ వీరుల పేరు దాని చుట్టూ తిరిగింది. 2010లో చూస్తే ఫ్లాట్లు ఉన్నవాళ్లలో ఇద్దరు మాజీ సైన్యాధ్యక్షులు, ఒక మాజీ నేవీ చీఫ్ ఉన్నారు. తమకు తెలియదని, ఫ్లాట్లు వెనక్కి ఇస్తామని వాళ్లు చెప్పారు. ముఖ్యమంత్రి అశోక్ చవాన్ కుర్చీ పోయింది. మహారాష్ట్ర ప్రభుత్వం వేసిన న్యాయ విచారణ సంఘం 102 మంది సభ్యుల్లో 25 మంది అనర్హులని చెప్పింది. ఆ భూమి రాష్ట్ర ప్రభుత్వానిదే తప్ప కార్గిల్ వాళ్ల కోసం కేటాయించింది కాదని కూడా అదే సంఘం తేల్చింది. సాంకేతికంగా అంతే కావచ్చు. కానీ సైన్యం కాపలా ఉన్న ప్రాంతంలో అంత ఎత్తు భవనం లేస్తుంటే అభ్యంతరం చెప్పాల్సిన కుర్చీల్లో కూర్చున్న కొందరికే అందులో ఫ్లాట్లు ఎలా వచ్చాయన్నది మా ప్రశ్న. 2016 ఏప్రిల్‌లో బాంబే హైకోర్టు కూల్చేయమంది. సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. భవనం నిలబడే ఉంది.

భూమి మాట వచ్చింది కాబట్టి ఇంకో లెక్క చెబుతాం. రక్షణ భూముల మీద కాగ్ 2011లో ఇచ్చిన నివేదిక ప్రకారం అప్పట్లో 97 గోల్ఫ్ మైదానాలు 8,076 ఎకరాల సైనిక భూమిలో నడుస్తుండేవి. జాతీయ పెట్టుబడులు, ఉత్పాదక మండలం (నిమ్జ్) కోసం ఝరాసంగం, న్యాల్‌కల్ మండలాల్లో పన్నెండు వేల ఎకరాలకు పైగా సేకరణ పెట్టుకున్నప్పుడు ఎకరం, అరెకరం కోసం రైతులు కలెక్టరేట్ చుట్టూ ఎన్నిసార్లు తిరిగారో మేం కళ్లారా చూశాం. మాలో కొందరి చేన్లు కూడా అందులో పోయాయి. దేశానికి భూమి విలువ తెలియజెప్పే పాఠం మొదట రైతుకే ఎందుకు పెడతారో మాకు అర్థం కాదు.

అగస్టావెస్ట్‌ల్యాండ్ హెలికాప్టర్ల కేసులో 2016 డిసెంబర్ 9న వైమానిక దళ మాజీ అధిపతి ఎస్.పి. త్యాగిని అరెస్టు చేశారు. మన దేశంలో ఒక దళాధిపతి హోదా చూసిన మనిషిని అరెస్టు చేయడం అదే మొదటిసారి. 12 వీఐపీ హెలికాప్టర్లు, సుమారు 3,600 కోట్లు. ఎగరాల్సిన ఎత్తు నిబంధనను 6,000 మీటర్ల నుంచి 4,500 మీటర్లకు తగ్గించడం వెనుక లంచం ఉందన్నది ఆరోపణ. త్యాగి దాన్ని ఖండించారు. ఆ నిర్ణయం ఒక్కడిది కాదన్నారు. ఇటలీలో ఆ కంపెనీ పెద్దలను పై కోర్టు 2018లో నిర్దోషులుగా వదిలేసింది. ఇక్కడ అరెస్టు రోజు టీవీల్లో జరిగిన హంగామా అందరికీ గుర్తుంది. ఆ తర్వాత ఏళ్లు గడిచాయి, తీర్పు మాత్రం రాలేదు. ఆయన దోషి అయితే ఇన్నేళ్లు శిక్ష లేదు. నిర్దోషి అయితే ఇన్నేళ్లు కళంకం మోశారు. ఎటు చూసినా ఓడిపోయింది వైమానిక దళమే.

ఈ నష్టం రూపాయల్లో తేలదు. 1986 మార్చిలో 410 బోఫోర్స్ తుపాకులకు 1,437 కోట్ల ఒప్పందం జరిగింది. మరుసటి ఏడాది స్వీడిష్ రేడియో కమీషన్ల సంగతి బయటపెట్టింది. తుపాకీ మంచిదే, కార్గిల్‌లో మన ఫిరంగి దళాన్ని నిలబెట్టింది అదే. కానీ ఆ గొడవ తర్వాత కొత్త 155 మిల్లీమీటర్ల తుపాకీ కొనే ఫైలు మీద సంతకం పెట్టాలంటే ప్రతి అధికారికీ చెయ్యి వణికింది. అమెరికా నుంచి ఎం777 తుపాకులు మొదటిసారి దిగింది 2017లో. ముప్పై ఏళ్లు! ఒకడు తిన్న కమీషన్‌కు మూడు తరాల గన్నర్లు పాత గొట్టాలతో సరిపెట్టుకున్నారు. ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలో మన జిల్లా కార్మికులు తయారుచేసే ‘శరత్’ అనే సాయుధ బండ్లలో కూర్చునేది మా పిల్లలే. రేపు నిమ్జ్‌లో రక్షణ పరిశ్రమలు వస్తాయంటున్నారు. రావాలి. అక్కడి కొనుగోళ్ల మీద సంతకాలు ఎలా పడతాయన్నది ఇక మాకు దూరపు ఢిల్లీ సంగతి కాదు.

భర్తీలో చేరిన తెగులు ఇంతకంటే హీనం. 2021 మార్చిలో సీబీఐ పెట్టిన కేసులో 17 మంది సైనిక సిబ్బంది పేర్లున్నాయి. అధికారులుగా చేరాలనుకుని మెడికల్‌లో ఆగిపోయిన అభ్యర్థుల్ని రివ్యూలో గట్టెక్కించడానికి డబ్బు తీసుకున్నారన్నది ఆరోపణ. జహీరాబాద్ బైపాస్ పక్కన తెల్లవారకముందే పరుగులు తీస్తున్న పిల్లల్ని చూడండి. నాలుగేళ్ల అగ్నివీర్ నౌకరీ కోసం ఏడాది పొడవునా చెమట కారుస్తున్నారు. 2025 మేలో నియంత్రణ రేఖ దగ్గర చనిపోయిన గోరంట్ల మండలం కల్లితండా పిల్లవాడు మురళీ నాయక్ అలాగే భర్తీ అయినవాడు. లంచమిచ్చి అధికారిగా వచ్చినవాడు రేపు ఇలాంటి పిల్లలకు హుకుం ఇస్తాడు.

ఇవన్నీ లోపల చెప్పుకోవచ్చు కదా, పత్రికలకు ఎందుకు ఎక్కడం అని మమ్మల్ని కొందరు పెద్దలు అడిగారు. సైనిక్ సమ్మేళన్‌లో సీఓ సాబ్ ‘కోయీ ప్రాబ్లమ్?’ అంటే వెయ్యి గొంతులు ‘నహీ సాబ్’ అనడం ఫౌజు చూసిన ప్రతివాడికీ తెలుసు. ఆ వెయ్యి మందిలో మేమూ ఉన్నాం. సర్వీసులో ఉన్నవాడు నోరు విప్పితే ఏమవుతుందో కూడా తెలుసు. బీఎస్ఎఫ్ సైన్యం కాదు గానీ, 2017 జనవరిలో తిండి బాగాలేదని వీడియో పెట్టిన జవాన్‌ను ఏప్రిల్‌కల్లా ఇంటికి పంపారు. మూడు నెలల్లో! ఆ వేగం పైవాళ్ల ఫైళ్లకు ఎప్పుడైనా వచ్చిందా? మేం రిటైరయ్యాం కాబట్టే మాట్లాడగలుగుతున్నాం.

బయటి దేశాల్లోనూ ఈ రోగం ఉంది. చైనాలో కేంద్ర మిలిటరీ కమిషన్ ఉపాధ్యక్షుడిగా చేసిన గువో బోషియోంగ్‌కు 2016లో యావజ్జీవం వేశారు. లంచాలు తీసుకుని ప్రమోషన్లు ఇప్పించాడన్నది నేరం. రక్షణమంత్రిగా చేసిన లీ షాంగ్‌ఫూను 2024లో పార్టీ నుంచి గెంటేశారు. అక్కడ విచారణ ఎలా జరిగిందో ఆ దేశ ప్రజలకే తెలియదు. ఆ పద్ధతి మాకొద్దు. అమెరికాలో నాలుగు నక్షత్రాల అడ్మిరల్ రాబర్ట్ బర్క్, రిటైరయ్యాక ఉద్యోగం ఇస్తామన్న కంపెనీకి కాంట్రాక్టు ఇప్పించాడని 2024 మేలో అరెస్టయ్యాడు. ఏడాది తిరిగేసరికి మామూలు కోర్టులో, మామూలు జ్యూరీ ముందు దోషిగా తేలాడు. తర్వాత ఆరేళ్ల జైలు. దానివల్ల వాళ్ల నేవీ కూలిపోలేదు.

మన చట్టంలో ఉన్న ఒక కంత సామాన్యులకు తెలియదు కాబట్టి వివరంగా చెబుతున్నాం. 2013 లోక్‌పాల్ చట్టం కింద కొన్ని షరతులతో ప్రధానమంత్రి మీద కూడా ఫిర్యాదు చేయవచ్చు. మంత్రి మీద, ఎంపీ మీద, కేంద్ర ప్రభుత్వ గుమాస్తా మీద కూడా చేయవచ్చు. కానీ ఆర్మీ యాక్ట్, ఎయిర్‌ఫోర్స్ యాక్ట్, నేవీ యాక్ట్, కోస్ట్‌గార్డ్ యాక్ట్ కింద విచారణకు లోబడేవాళ్లను ఆ చట్టంలోని నిర్వచనమే పక్కన పెట్టేసింది. అంటే సైనికాధికారి చేసే కొనుగోలు మీద పౌరుడికి అనుమానం వస్తే లోక్‌పాల్ తలుపు మూసే ఉంటుంది. యుద్ధ నిర్ణయాలను, గూఢచర్యాన్ని బయటి చూపు నుంచి కాపాడడం అవసరమే. గుడ్ల టెండరు, మాంసం టెండరు, క్వార్టర్ల మరమ్మతు బిల్లు, క్యాంటీన్ లాభం కూడా దేశరహస్యాలేనా? యూనిట్ క్యాంటీన్ల లెక్కలు తమకు చూపలేదని కాగ్ తన నివేదికలోనే రాసుకోవాల్సి వచ్చింది. ఆ క్యాంటీన్ గిరాకీలం మేమే, మా కార్డుల మీద వచ్చిన లాభమది.

జహీరాబాద్ పార్లమెంటు సభ్యుడిని మేం కోరేది, లోక్‌పాల్ చట్టంలో ఈ మినహాయింపును తొలగించాలని, కనీసం కొనుగోళ్లు, భూములు, భర్తీ విషయాల వరకైనా తొలగించాలని సభలో ప్రైవేటు బిల్లు పెట్టడం. రక్షణమంత్రిని కోరేది, బ్రిగేడియర్, అంతకు పై హోదాల మీద వచ్చిన అవినీతి కేసుల్లో కోర్టు మార్షల్ తీర్పులను పేర్లతో సహా ప్రచురించాలని. నిర్దోషిగా తేలితే అదీ అంతే పెద్ద అక్షరాలతో వేయాలి. ‘తీవ్ర అసంతృప్తి’ తెలిపే మందలింపు కాగితంతో డబ్బు వ్యవహారాన్ని ముగించే ఆచారం ఆగాలి. లంచం కేసుల్లో మూడేళ్ల గడువు ఎత్తేయాలి. సమ్మరీ కోర్టు మార్షల్‌లో సిపాయికి వకీలుతో వాదింపించుకునే హక్కు కావాలి. మన రాష్ట్రం చెన్నై ట్రిబ్యునల్ పరిధిలో ఉంది. హైదరాబాద్‌లో పూర్తిస్థాయి బెంచి పెడితే ఇక్కడి హవల్దార్ భార్య పింఛను కేసు కోసం రైలెక్కి అంత దూరం పోనక్కర ఉండదు. ఇది అవినీతి సంగతి కాదని ఎవరైనా అనవచ్చు. న్యాయం దూరమైన చోటే అవినీతి పెరుగుతుందని మా అనుభవం.

ఈ ప్రకటన మీద సంతకాలు చేసిన తర్వాత మాలో ఒకరిద్దరు, కొడుకులు సర్వీసులో ఉన్నారని, తమ పేర్లు తీసేయమని అడిగారు. తీసేశాం. ఎందుకు అడిగారో రక్షణమంత్రికి వేరే చెప్పనక్కర లేదనుకుంటాం.

ప్రతులు: కేంద్ర రక్షణమంత్రి, రక్షణ శాఖ పార్లమెంటరీ స్థాయీ సంఘం, జహీరాబాద్ పార్లమెంటు సభ్యుడు, సంగారెడ్డి జిల్లా సైనిక సంక్షేమ అధికారి, పత్రికలు.

– జహీరాబాద్ ప్రాంత మాజీ సైనికులు